అంబర్‌లో దొరికిన "అతి చిన్న డైనోసార్" బల్లి ఎలా అయింది?

గోదారి_గాలి
అందరికీ నమస్కారం. ఒక తెలుగు యూట్యూబ్ ఛానెల్లో "హమ్మింగ్‌బర్డ్ అంత డైనోసార్, అంబర్‌లో 9.9 కోట్ల ఏళ్లు చెక్కుచెదరలేదు" అని వీడియో చూశాను. అంబర్ అంటే గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురట, ఆ జీవి పేరు ఓక్యులుడెంటేవిస్ అట. కింద కామెంట్లలో ఒకాయన "అది డైనోసారూ కాదు, పిట్టా కాదు, బల్లి. పేపర్ ఎప్పుడో వెనక్కి తీసుకున్నారు" అని రాశాడు. ఛానెల్ వాళ్లు ఉలకలేదు, పలకలేదు. ఇద్దరిలో ఎవరిది నిజం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లింకులు పడేసి వెళ్లిపోవద్దు, ఇంగ్లీషు పేపర్లు చదివే ఓపిక నాకు లేదు.

తణుకు_బుల్లోడు
బల్లి అయితే మీద పడితే ఫలితం ఏంటో పంచాంగంలో చూడాలి. 9.9 కోట్ల ఏళ్ల బల్లికి దోషం ఎక్కువే ఉంటుంది 😄

జువాలజీ_మేష్టారు
గోదారి_గాలి గారూ, కామెంట్ పెట్టినాయనదే నిజం. కొంచెం పొడుగవుతుంది, మొదటినుంచీ చెప్తాను.

ఆ పరిశోధన పేపర్ 2020 మార్చిలో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ సంచిక ముఖచిత్రం కూడా అదే. రాసినవాళ్లలో లీడా షింగ్, జింగ్‌మై ఓకానర్, లూయిస్ చియాపె ఉన్నారు. పిట్టల శిలాజాల్లో చెయ్యి తిరిగినవాళ్లు. ఉత్తర మయన్మార్‌లో కచిన్ రాష్ట్రం, హుకాంగ్ లోయ అంబర్ అది. వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క పుర్రె మాత్రమే, మెడ కింద ఏమీ లేదు. పుర్రె మొత్తం పొడవు సెంటీమీటరున్నర లోపే. సన్నగా సాగిన మూతి, గుండ్రటి నెత్తి, తలలో సగం ఆక్రమించిన కళ్లు. ఆ బొమ్మ ఎవరికి చూపించినా పిట్ట తల అనే అంటారు. పక్షులు డైనోసార్ల సంతతే కాబట్టి "అతి చిన్న డైనోసార్" అని వార్తలకెక్కింది.

తిరకాసంతా ఆ పేపర్లోనే ఉంది. పళ్ల వరస కంటి కిందిదాకా పాకింది. పిట్టల్లోగానీ, పళ్లున్న పాతకాలపు పక్షుల్లోగానీ అలా ఉండదు. పైగా ఆ పళ్లకి గూళ్లు లేవు. డైనోసార్ పన్నుకైనా, మొసలి పన్నుకైనా దవడలో ఒక గుంట ఉంటుంది, పన్ను అందులో దిగి ఉంటుంది. ఇక్కడ పన్ను దవడ ఎముకకే అతుక్కుని ఉంది. ఇది బల్లుల పద్ధతి. ఇక కంటిగుడ్డు చుట్టూ చిన్న ఎముక పలకలు వలయంలా ఉంటాయి. అవి ఇక్కడ చెంచా ఆకారంలో ఉన్నాయి. అదీ బల్లి లక్షణమే. ముక్కుకీ కంటికీ మధ్య డైనోసార్ల వంశంలో ఒక రంధ్రం ఉంటుంది, అది ఇక్కడ లేదు. అంబర్‌లో ఈక ముక్క కూడా లేదు.

వీటిలో చాలావాటిని రచయితలే గమనించి, "ఈ పిట్ట వింతగా ఉంది" అని రాసుకున్నారు. వింతలు అన్ని పోగుపడ్డాక అసలు ఇది పిట్టేనా అని అడగాలి కదా. ఆ ప్రశ్న వాళ్లు అడగలేదు. పేపర్ వచ్చి వారం తిరక్కుండానే బీజింగ్ పరిశోధకులు ఆ ప్రశ్న గట్టిగా అడిగేశారు. 2020 జులైలో రచయితలు పేపర్ ఉపసంహరించుకున్నారు.

ప్రశ్నల_పుట్ట
మేష్టారూ, 'నేచర్' అంటే ముందే నిపుణులు చదివి చూస్తారు కదండీ. వాళ్లకీ తట్టలేదా? నేను ఇంటర్ సెకండియర్. మా కాలేజీలో రికార్డులో బొమ్మ తప్పు వేస్తేనే మళ్లీ వేయిస్తారు.

జువాలజీ_మేష్టారు
చదివినవాళ్లు ఎవరో మనకి తెలియదు, బయటికి చెప్పరు. నా ఊహ ఒకటి చెప్తాను. పిట్టలవాళ్లు రాసింది పిట్టలవాళ్ల దగ్గరికే వెళ్లి ఉంటుంది. బల్లుల మనిషి ఒక్కడు చూసినా దవడ దగ్గరే ఆగిపోయేవాడు.

ఇంకో సంగతి. ఆ పుర్రె సహజంగా అలా లేదు, నొక్కుకుపోయింది. అది ఎలా తేలిందంటే, రెండోది దొరికింది. 2021లో 'కరెంట్ బయాలజీ'లో ఆర్నావ్ బోలెట్, హువాన్ డాసా, సుసాన్ ఎవాన్స్ మొదలైనవాళ్లు ఇంకో అంబర్ ముక్కని వర్ణించారు. దాంట్లో పుర్రెతో పాటు మెడ, భుజం, ఒంటి భాగం కొంత ఉన్నాయి. పొలుసులు కూడా స్పష్టంగా ఉన్నాయి. పొలుసులు కనిపించాక ఇంక వాదన ఏముంది? దాన్ని వేరే జాతిగా లెక్కగట్టి, ఆ ప్రాంతపు నాగా ప్రజల పేరు మీద ఓక్యులుడెంటేవిస్ నాగా అన్నారు. మొదటిది ఓక్యులుడెంటేవిస్ ఖాంగ్రే. పేపర్ పోయినా పేరు మాత్రం మిగిలింది. "ఏవిస్" అంటే పక్షి. బల్లి ఆ పేరే మోసుకుని తిరుగుతోంది.

మొదటి దాంట్లో మూతి పక్కల నుంచి నొక్కుకుని పిట్ట ముక్కులా సన్నబడింది. రెండో దాంట్లో మూతి బాగానే ఉంది, నెత్తి నలిగింది. కంప్యూటర్‌లో ఎముకలు విడదీసి, నొక్కుడు సరిచేసి పక్కపక్కన పెడితే రెండూ దగ్గరి చుట్టాలని తేలింది. అయినా ఇది మామూలు బల్లి కాదు. ఇప్పుడున్న ఏ బల్లి కుటుంబంలోనూ సరిగ్గా ఇమడటం లేదు.

గోదారి_గాలి
చాలా థాంక్స్ మేష్టారూ. ఆ పళ్లు అతుక్కోవడం అన్నది అంత ఖాయమైన గుర్తా? ఒక్క పన్ను చూసి జంతువు ఏ వంశమో చెప్పేస్తారా?

సింగరేణి_సీను
దీనికి నేను చెప్తా. నేను బొగ్గు గనుల్లో జియాలజిస్టుని, మాది మంచిర్యాల దిక్కు.

ఒక్క పన్నుతోనే చెప్తారు గోదారి గారూ, అందులో మా జిల్లాల పేరు కూడా ఉంది. రెబ్బెన తెలుసా? కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కాగజ్‌నగర్ పోయే దారిలో వస్తది. అక్కడి పొరల్ని కోట ఫార్మేషన్ అంటరు, జురాసిక్ కాలంవి. ఆ మట్టిని తెచ్చి, నీళ్లల్ల నానబెట్టి, సన్న జల్లెడలల్ల కడిగి, మిగిలిన ఇసుకని మైక్రోస్కోప్ కింద గింజ గింజ ఏరితే మిల్లీమీటర్ల సైజు దవడ ముక్కలు దొరికినయి. 2001, 2002లో సుసాన్ ఎవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ అని ముగ్గురు కలిసి వాటిని వర్ణించిన్రు. ఒకదాని పేరు గోదావరిసారస్, ఒకదాని పేరు రెబ్బనసారస్. ఈ రెండూ బల్లులు కాదు, బల్లులకి దాయాదులు. ఆ వంశంలో ఇప్పుడు న్యూజిలాండ్‌లో ఉండే టువటారా ఒక్కటే బతికి ఉంది. మూడోది భారతగామ రెబ్బనెన్సిస్. దాన్ని తొండల వైపు బల్లి అన్నరు. ఈ మూడోదాని మీద తర్వాత కొందరు సందేహం లేవదీసిన్రు, అది కూడా టువటారా వైపుదే కావచ్చని. ఆ పంచాయితీ అంతా పన్ను దవడ అంచు మీద కూర్చుందా, లోపలి పక్క గోడకి ఆనుకుందా అన్న దాని మీదనే నడుస్తది.

మేష్టారు చెప్పిన సుసాన్ ఎవాన్స్, ఈ సుసాన్ ఎవాన్స్ ఒక్కరే. రెబ్బెన దవడ ముక్కలు చదివిన కన్నే ఆ అంబర్ బల్లి దవడా చదివింది.

జువాలజీ_మేష్టారు
సీనూ, ఈ సంగతి పెట్టినందుకు సంతోషం. నా సర్వీసు మొత్తంలో డిగ్రీ పిల్లలకి ఈ మూడు పేర్లు చెప్పే అవకాశం సిలబస్‌లో ఎక్కడా రాలేదు. ఐరోపా, అమెరికా డైనోసార్ల పేర్లు మాత్రం బట్టీ పట్టించాం.

ప్రశ్నల_పుట్ట
అంబర్‌లో ఉన్నదానికీ రాతిలో ఉన్నదానికీ తేడా ఏంటి? ఒళ్లంతా అలాగే ఉంటే డీఎన్ఏ కూడా ఉంటుందా? సినిమాలో దోమ నుంచి తీసినట్టు?

కీటకాల_కిట్టు
డీఎన్ఏ రాదు తమ్ముడూ. 1990ల్లో అంబర్ పురుగుల్లోంచి డీఎన్ఏ తీశామని కొన్ని పేపర్లు వచ్చాయి. 1993లో 12 కోట్ల ఏళ్ల పైబడిన ముక్కుపురుగుది కూడా తీశామన్నారు. మళ్లీ చేసి చూస్తే ఎవరికీ రాలేదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు 1997లో గట్టిగా ప్రయత్నించి, లేదని తేల్చేశారు. 2013లో మాంచెస్టర్ వాళ్లు అంబర్ కూడా కాదు, ఇంకా పూర్తిగా గట్టిపడని కోపల్‌లో ఉన్న తేనెటీగల మీద ప్రయత్నించారు. వాటి వయసు వేల ఏళ్లే, అయినా ఏమీ దొరకలేదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్ఏ గ్రీన్‌లాండ్ మట్టిలోది, సుమారు 20 లక్షల ఏళ్లది, అదీ గడ్డకట్టే చలిలో ఉండబట్టి. 9.9 కోట్లు ఎక్కడ, 20 లక్షలు ఎక్కడ.

ఇక తేడా సంగతి. మన ఊళ్లో తుమ్మబంక తెలుసు కదా, నీళ్లలో వేస్తే నానిపోతుంది. గుగ్గిలం నానదు, నిప్పు మీద వేస్తే కరిగి పొగలేస్తుంది. అంబర్ ఈ రెండో రకం జిగురు నుంచి వచ్చింది. చెట్టుకి గాయమైతే కారుతుంది, పైన పాకే జీవి అంటుకుంటుంది, మళ్లీ కారుతుంది, మూసుకుపోతుంది. తర్వాత మట్టిలో పూడుకుపోయి, ఆవిరయ్యేవి ఆవిరయిపోయి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది. దీనికి లక్షల ఏళ్లు పడుతుంది. పురుగుకి తప్పించుకునే బలం ఉండదు కాబట్టి అంబర్ నిండా పురుగులే. బల్లికి ఆ బలం ఉంటుంది. అందుకే దొరికేవాటిలో ఎక్కువ పిల్లలు, లేదా ఒక కాలు, ఒక తోక.

ఇంకోటి చాలామందికి తెలియదు. అంబర్‌లో బల్లి కనిపిస్తోంది అంటే లోపల బల్లి ఉందని కాదు. చాలాసార్లు ఒళ్లు కుళ్లి పోయి, చర్మం అచ్చు మాత్రం జిగురు గోడ మీద మిగులుతుంది, లోపల గాలి. సీటీ స్కాన్ చేస్తే తప్ప ఎముక ఉందో లేదో తెలియదు. 2015లో డొమినికన్ రిపబ్లిక్ అంబర్‌లోని 20 అనోల్ బల్లుల్ని ఎమ్మా షెరాట్ బృందం స్కాన్ చేసినప్పుడు ఇదే ఎదురైంది. కొన్నింట్లో ఎముకలు బాగున్నాయి, చాలావాటిలో ఖాళీ.

తణుకు_బుల్లోడు
ఖాళీ బల్లి నుంచి ఏం తెలుసుకుంటారన్నా?

కీటకాల_కిట్టు
బోలెడు. కాలివేళ్ల కింద గీతలు లెక్కపెట్టొచ్చు. అనోల్ బల్లుల్లో కొమ్మ చివర ఉండేది, మానుమీద ఉండేది, పైన ఆకుల్లో ఉండేది, ఒక్కోదానికి వేలి మెత్త ఒక్కో రకం, కాళ్ల పొడవు ఒక్కో రకం. ఆ 20 బల్లుల్ని ఇప్పటి కరీబియన్ బల్లులతో పోలిస్తే, కోటిన్నర నుంచి రెండు కోట్ల ఏళ్ల కిందటే అదే వాటాల ప్రకారం చెట్టుని పంచుకుని బతుకుతున్నాయని తేలింది. నాకు ఈ పేపర్ ఓక్యులుడెంటేవిస్ కన్నా గొప్పది అనిపిస్తుంది, కానీ దీనికి వీడియోలు రావు.

పాతకాలం కావాలంటే బర్మా అంబర్‌లోనే 2008లో వర్ణించిన క్రెటేసియోగెక్కో ఉంది. దొరికింది ఒక పాదం, తోక కొంత. గోడ మీద బల్లి పాకడానికి వేళ్ల కింద ఉండే మడతలు ఉన్నాయి చూడు, అవి దానికి అప్పటికే ఉన్నాయి. అంటే డైనోసార్లు తిరిగే రోజుల్లోనే బల్లి నున్నటి మాను మీద తలకిందులుగా పాకేది.

డల్లాస్_దుర్గ
ఈ థ్రెడ్ కోసమే లాగిన్ అయ్యాను. మా అబ్బాయి పుట్టినరోజుకి అంబర్‌లో బల్లి ఉన్న పెండెంట్ ఆన్‌లైన్‌లో చూశాను. పూర్తి బల్లి, తల నుంచి తోక దాకా, చాలా క్లియర్‌గా ఉంది. ధర కూడా మరీ ఎక్కువ కాదు. కొనొచ్చా? నకిలీ అని ఎలా కనిపెట్టాలి?

రాళ్ల_రాజు
దుర్గ గారూ, పూర్తి బల్లి, క్లియర్‌గా, చవగ్గా. ఈ మూడూ ఒకచోట ఉన్నాయంటే ఇంక కనిపెట్టడానికేం లేదండీ, అది ప్లాస్టిక్ రెసిన్‌లో పోసిన ఈనాటి బల్లి. నేను రత్నాల వ్యాపారంలో ఉన్నాను, ఇలాంటివి రోజూ చూస్తాను.

అసలు బల్లి ఉన్న అంబర్ మ్యూజియం సరుకు. పోలండ్ గదాన్స్క్‌లో 1997లో దొరికిన బాల్టిక్ అంబర్ బల్లి అక్కడి అంబర్ మ్యూజియంలో పెట్టి చూపిస్తారు, ఊరికే ఒక్కదాన్ని చూడ్డానికి జనం వస్తారు. అది కూడా పూర్తి బల్లి కాదు.

ఇంట్లో చూసుకోవాలంటే చెప్తాను. గ్లాసు నీళ్లలో ఆరేడు చెంచాల ఉప్పు కరిగించి ముక్క వేయండి. అంబర్ తేలుతుంది, గాజూ చాలా రకాల రెసిన్లూ మునుగుతాయి. కానీ కోపల్ తేలుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లూ తేలతాయి. కాబట్టి మునిగితే నకిలీ అని చెప్పొచ్చు, తేలితే అసలు అని చెప్పలేం. కోపల్ అనుమానం ఉంటే కనిపించని మూల ఒక చుక్క అసిటోన్ వేసి వేలితో నొక్కండి, జిగటగా తగిలితే కోపలే. అతినీలలోహిత లైట్ కింద అంబర్ నీలంగా మెరుస్తుంది. వేడి సూది గుచ్చమని కొందరు చెప్తారు. అస్సలు చెయ్యకండి, అసలుదైతే పాడైపోతుంది.

బల్లిని కూడా చూడాలి. చచ్చాక పోసింది నిటారుగా, కాళ్లు అందంగా నాలుగు పక్కలకి చాచి ఉంటుంది. జిగురులో తన్నుకుని చచ్చింది అలా ఉండదు. మెలి తిరిగి ఉంటుంది, పక్కన మట్టి, ఆకు తునకలు, పురుగులు ఉంటాయి.

మ్యూజియాలు కూడా మోసపోయాయి. లండన్‌లో ఒక ఈగ ఉంది, బాల్టిక్ అంబర్‌లోది. 1966లో పెద్ద శాస్త్రవేత్త ఒకాయన దాని గురించి రాశారు కూడా. 1993లో చూస్తే, ఎవరో అంబర్‌ని రెండుగా కోసి, లోపల గుంట తొలిచి, ఈనాటి ఈగని పెట్టి అతికించారు. అసలు అంబరే, ఈగే నకిలీ.

డల్లాస్_దుర్గ
అమ్మో. సరే, బల్లి వద్దు. చీమ ఉన్నది చూస్తాను. బర్మా అంబర్ అని రాసినవి బాగున్నాయి, పాతవి కూడా.

సందేహి
దుర్గ గారూ, ఆగండి. బర్మా అంబర్ అని ఉన్నది కొనేముందు ఇది చదవండి.

హుకాంగ్ లోయ గనులు తనాయ్ పట్టణం చుట్టూ ఉన్నాయి. ఆ ప్రాంతం మీద మయన్మార్ సైన్యానికీ కచిన్ ఇండిపెండెన్స్ ఆర్మీకీ ఏళ్లుగా పోరు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లు గనుల మీద పన్ను గుంజారు. 2017 జూన్‌లో సైన్యం హెలికాప్టర్లతో కరపత్రాలు చల్లి, ఖాళీ చెయ్యమని, గనులు స్వాధీనం చేసుకుంది. వేలమంది ఇళ్లు వదిలి పోయారు. ఆ గుంతలు నిలువుగా దిగే ఇరుకు బావులు. ఊడిపడితే మనిషి లోపలే. ఇక్కడి సరుకు ఎక్కువగా సరిహద్దు దాటి చైనాలోని తెంగ్‌చోంగ్ మార్కెట్‌కి వెళ్తుంది. మొదటి ఓక్యులుడెంటేవిస్ ఉన్నది కూడా ఆ ఊరి మ్యూజియంలోనే.

మయన్మార్ చట్టం ప్రకారం శిలాజం దేశం దాటకూడదు. కానీ అంబర్ రత్నం లెక్కలోకి వస్తుంది కాబట్టి దాటుతుంది. లోపల శిలాజం ఉంటే? ఆ సందులోంచే అంతా నడిచింది. 2020 ఏప్రిల్‌లో సొసైటీ ఆఫ్ వెర్టిబ్రేట్ పేలియంటాలజీ, అంటే వెన్నెముక జీవుల శిలాజాలు చదివే శాస్త్రవేత్తల సంఘం, సైన్స్ పత్రికలకి ఉత్తరం రాసింది, 2017 తర్వాత బయటికి వచ్చిన బర్మా అంబర్ మీద పేపర్లు వేయొద్దని. 2021 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది.

రాళ్ల_రాజు
సందేహి గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ కొనడం ఆపేస్తే ముందు ఆకలితో చచ్చేది ఆ గుంతలో దిగే కూలీయే, సైనికాధికారి కాదు. సైన్యానికి కెంపులూ జేడ్ ఉన్నాయి. కూలీకి ఏముంది? ఎక్కడో ఎయిర్ కండిషన్డ్ గదిలో కూర్చుని ఉత్తరం రాయడం తేలిక.

సందేహి
కూలీకి ముట్టేది ఎంత? బల్లి ఉన్న ముక్క విలువ తెంగ్‌చోంగ్‌లో పాలిష్ పట్టాక తెలుస్తుంది. తవ్వినవాడికి అందింది అంబర్ బరువుకి ఇచ్చే డబ్బే. ఇంకోమాట, ఉత్తరం సంగతి. మయన్మార్ శాస్త్రవేత్తలే 2021లో రాశారు, మా దేశం శిలాజాల మీద బయటివాళ్లు వచ్చి పేపర్లు వేసుకుని పోతున్నారు, మమ్మల్ని కలుపుకోవడం లేదని. వాళ్లది ఎయిర్ కండిషన్డ్ గది అంటారా?

రాళ్ల_రాజు
వాళ్ల మాటకి ఎదురు చెప్పను. వ్యాపారి వైపు చూపు కూడా ఒకటి ఉంటుందని చెప్పా, అంతే.

జువాలజీ_మేష్టారు
రెండో ఓక్యులుడెంటేవిస్ ఉన్నది స్విట్జర్లాండ్‌లో పెరెట్టి మ్యూజియం ఫౌండేషన్‌లో. అధికారికంగా ఎగుమతి చేసే సంస్థల దగ్గర కొన్నామని, ఆ డబ్బు యుద్ధానికి పోకుండా చూసుకున్నామని రచయితలు పేపర్లోనే రాసుకున్నారు. నమ్మడం, నమ్మకపోవడం చదివేవాళ్ల ఇష్టం. ఇలా రాసుకోవాల్సిన అవసరం పదేళ్ల ముందు పేపర్లలో లేదు. ఆ మేరకు సందేహి గారు చెప్పిన ఉత్తరం పనిచేసింది.

దుర్గ గారికి: బాల్టిక్ అంబర్‌లో చీమలు, దోమలు బోలెడు దొరుకుతాయి. వయసు 4 కోట్ల ఏళ్ల చిల్లర. మీ అబ్బాయికి అది చాలదా?

డల్లాస్_దుర్గ
చాలు మేష్టారూ. బాల్టిక్‌దే చూస్తాను. రాజు గారూ, ఉప్పునీళ్ల టెస్ట్ చేశాక ఫొటో పెడతా, మీరు చూసి చెప్పండి.

గోదారి_గాలి
ఒక సందేహం. బల్లిని పిట్ట అనుకున్నారు సరే. దీనికి తిరగేసి ఎప్పుడైనా జరిగిందా, బల్లి అనుకున్నది బల్లి కాకపోవడం?

కీటకాల_కిట్టు
భలే అడిగారు. జరిగింది, అదీ రెండో ఓక్యులుడెంటేవిస్‌ని వర్ణించినవాళ్లలో ఉన్న డాసా బృందానికే.

2016లో డాసా బృందం బర్మా అంబర్‌లోని 12 బల్లుల్ని ఒకేసారి వర్ణించింది. అందులో ఒకటి మరీ చిన్న పిల్ల. నాలుక ఎముక పొడుగ్గా ఉంది. ఊసరవెల్లుల పూర్వీకుడు అన్నారు. ఊసరవెల్లుల చరిత్ర ఒక్కసారిగా కోట్ల ఏళ్లు వెనక్కి పోయింది. తర్వాత పెరెట్టి సేకరణలో ఇంకో పుర్రె దొరికింది, పెద్దదాని పుర్రె, నలగకుండా అన్ని వైపులా చక్కగా ఉంది. చూస్తే రెండూ ఒకే కోవవి. ఆ జీవులు బల్లులు కావు, అసలు సరీసృపాలే కావు. ఆల్బనెర్పెటాంటిడ్ అనే అంతరించిపోయిన ఉభయచరాలు, అంటే కప్పలు, సాలమాండర్ల వైపువి. పొలుసులుండి, బల్లిలా కనిపించే ఉభయచరం. నాలుకని ఊసరవెల్లిలా విసిరేది, కాని ఊసరవెల్లితో చుట్టరికం లేదు. 2020 నవంబరులో 'సైన్స్' పత్రికలో వేశారు. పేరు యక్ష పెరెట్టీ. చెట్ల వేళ్ల దగ్గర నిధికి కాపలా కాసే మన యక్షుడే.

ఇక్కడ తేడా చూడండి. తమ వర్గీకరణని వాళ్లే కొత్త ఆధారంతో మార్చుకున్నారు, ఎక్కడా గొడవ లేదు, ఉపసంహరణ లేదు. ఓక్యులుడెంటేవిస్ మీద అంత రభస ఎందుకైందంటే ముఖచిత్రం, హెడ్డింగుల్లో "డైనోసార్". ఊసరవెల్లి పిల్ల అంటే ఎవరికి పట్టింది?

సింగరేణి_సీను
కిట్టు అన్నా, మన దేశంలో అంబర్‌లో బల్లి దొరకలేదా?

కీటకాల_కిట్టు
నాకు తెలిసి లేదు. అంబర్ మాత్రం ఉంది. గుజరాత్‌లో సూరత్ దగ్గర వస్తాన్, తడ్కేశ్వర్ లిగ్నైట్ గనుల్లో. 5 కోట్ల ఏళ్ల పైచిలుకుది. 2010లో పీఎన్ఏఎస్ పత్రికలో 700కి పైగా పురుగులు, సాలీళ్ల గురించి రాశారు. ఆ జిగురు కార్చినవి డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లు. మనకి గుగ్గిలం ఇచ్చే చెట్టుది అదే కుటుంబం. శేషాచలం కొండల్లో ఉన్న గుగ్గిలం చెట్టూ దీంట్లోదే. ఆ గుజరాత్ గనుల మట్టిలో తొండల కుటుంబం దవడలు దొరికాయి, అంబర్‌లో కాదు, మీ రెబ్బెనలో లాగే జల్లెడ పట్టి. అంటే బల్లి ఉంది, జిగురు ఉంది, రెండూ ఒక ముక్కలో కలిసింది మాత్రం ఇంకా ఎవరికీ చేతికి రాలేదు. లిగ్నైట్ గనిలో జేసీబీ కింద ఎన్ని పోయాయో.

సింగరేణి_సీను
జేసీబీ మాట నిజం. గనిలో ఆపి చూసే టైం ఎవరికీ ఉండదు, టన్నుల లెక్క మా మీద ఉంటది.

రెబ్బెన దిక్కు వెళ్లి చూస్తాం అని నాకు మెసేజ్‌లు పెడుతున్నవాళ్లకి: కంటికి కనిపించేది అక్కడ ఏం లేదు. పత్తి చేన్లు, వాగులు, రాతి పలకలు. దవడ ముక్క మిల్లీమీటర్లలో ఉంటది, నిలబడి చూస్తే దొరకదు. రాళ్లు ఏరుకుని సంచులల్ల తెచ్చుకోవద్దు.

ప్రశ్నల_పుట్ట
మేష్టారూ, పన్ను అతుక్కోవడం అన్నది బొమ్మల్లో అర్థం కావట్లేదు. ఇంట్లో ఎలాగైనా చూడొచ్చా?

జువాలజీ_మేష్టారు
చూడొచ్చు. బతికిన బల్లి జోలికి మాత్రం వెళ్లకు. ఉడుము అయితే చచ్చినదాన్ని కూడా ముట్టకు, చట్టరీత్యా నేరం. ట్యూబ్‌లైట్ వెనకో, తలుపు సందులోనో ఎండిపోయిన ఇంటి బల్లి దొరుకుతుంది. చేతికి తొడుగు వేసుకుని, కింది దవడ ఒక పక్కది విడదీసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు రోజులు నానబెట్టు. మెత్తబడ్డ మాంసం పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీసెయ్. బాగా ఆరాక మీ కాలేజీ ల్యాబ్‌లో డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద నాలుక వైపు నుంచి చూడు, బయటి వైపు నుంచి కాదు. బయటి వైపు దవడ ఎముక గోడలా లేచి ఉంటుంది. పళ్లన్నీ ఆ గోడకి లోపలి పక్క ఆనుకుని వరసగా అతుక్కుని ఉంటాయి. పంటి వేళ్లు దిగే గుంటలు ఉండవు. ఓక్యులుడెంటేవిస్ దవడలో చూసిందీ ఇంచుమించు ఈ అమరికే.

రోడ్డు పక్కన చచ్చిన తొండ దవడ దొరికితే అదీ శుభ్రం చేసి పక్కన పెట్టు. దాంట్లో వెనక పళ్లు గోడకి కాదు, దవడ అంచు మీదే కరుచుకుని ఉంటాయి. సీను చెప్పిన భారతగామ పంచాయితీ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. బొమ్మ గీసి ఇక్కడ పెట్టు, చూస్తాను.